కోఫు సమురాయ్ ఊరేగింపులో నడవాలా వద్దా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, మిగతా వాళ్ళకి కూడా అర్థం కావడానికి ముందు నీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెబుతాను. నువ్వు కిందటి అక్టోబరులో మాస్టర్స్ కోసం జపాన్‌లోని కోఫు ఊరికి వచ్చావు. ఏప్రిల్‌లో జరిగే షింగెన్ కో మత్సురి అనే పండగలో సమురాయ్ సైన్యం ఊరేగింపు ఉంటుందనీ, అందులో నడవడానికి విదేశీ విద్యార్థులు కావాలనీ యూనివర్సిటీ నుంచి నీకు మెయిల్ వచ్చింది. నీకు జపనీస్ అంతంతమాత్రం, మాంసం చేప తినవు, కళ్ళద్దాలు పెట్టుకుంటావు. నీ రూమ్మేటేమో "అదంతా ఫ్యాన్సీ డ్రెస్, ఫోటోల కోసం మనల్ని పిలుస్తారు" అన్నాడు. వాళ్ళ వీరుల బట్టలు మనం వేసుకుంటే వాళ్ళకి బాధ కలుగుతుందేమో అన్నది నీ అసలు టెన్షన్.

వెళ్ళు. నేను కూడా అక్కడ చదువుకునే రోజుల్లో 2018లో ఒకసారి, 2019లో ఒకసారి ఆ ఊరేగింపులో మామూలు కాలిబంటుగా నడిచాను. రెండోసారి నడిచినప్పుడే అది నాకు నిజంగా అర్థమైంది. మొదటిసారి ఎందుకు అర్థం కాలేదో చెబితే నీకు పనికొస్తుంది.

మొదటి ఏడాది నాకు తెలిసిందల్లా కోఫు ప్రాంతాన్ని ఏలిన టకేదా షింగెన్ అనే పెద్ద యోధుడు ఉండేవాడని, ఆయన పేరు మీద పండగని, అంతే. కవచం కట్టారు, జెండా ఇచ్చారు, నడిచాను, ఫోటోలు ఇంటికి పంపాను. అమ్మ సంతోషపడింది. ఆ తర్వాత నెల రోజులకి మా ల్యాబ్‌లో ఒక సీనియర్ నన్ను సైకిళ్ళ మీద కమనషి నది ఒడ్డుకి తీసుకెళ్ళాడు. కోఫుకి పడమటగా, ర్యూవో వైపు. అక్కడ ఒక పాత వరద గట్టు ఉంది. దాన్ని షింగెన్ జుత్సుమి అంటారు, అంటే షింగెన్ గట్టు.

మాది కోనసీమ. 1986 గోదావరి వరద కథలు వింటూ పెరిగినవాణ్ణి. గట్టు తెగితే ఏమవుతుందో మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ తేదీలతో సహా చెబుతారు. అందుకే ఆ గట్టు మీద నిలబడ్డప్పుడు నాకు సైన్యాల కన్నా అదే పెద్ద విషయంగా కనిపించింది. పడమటి కొండల నుంచి మిదాయి అనే ఏరు నిట్టనిలువుగా దిగి వచ్చి కమనషిలో కలిసేది. ఆ తోపుకి కమనషి గట్లు తెంచుకుని కోఫు మైదానం మీద పడేది. 1541లో షింగెన్ అధికారంలోకి వచ్చాడు, మరుసటి ఏడాదే పెద్ద వరద వచ్చింది. దాదాపు 20 ఏళ్ళు పట్టిన పనిలో ఆయన మనుషులు ఏటి ధారను పక్కకు మళ్ళించి, ఎదురుగా ఉన్న రాతి కొండకి కొట్టుకునేలా చేశారు. అక్కడ జోరు తగ్గిన నీటిని గట్టు ఆపుతుంది. ఆ గట్టు కూడా ఒకే గోడలా ఉండదు. మధ్యమధ్యలో ఖాళీలు వదిలి, ఒకదాని వెనక ఒకటి ఏటవాలుగా కట్టిన ముక్కలు. వరద ఎక్కువైతే ఆ ఖాళీల్లోంచి నీరు వెనక్కి నెమ్మదిగా పాకి, తగ్గాక మళ్ళీ నదిలోకే వెళ్ళిపోతుంది. నీటి దారికి అడ్డంగా పెట్టే మూడు కాళ్ళ చెక్క చట్రాలు కూడా అక్కడ ఉన్నాయి. కొమ్ముల్లా కనిపిస్తాయని వాటికి ఎద్దు పేరు పెట్టారు. గట్టు పక్కన కాపురముండి దాన్ని కాపాడేవాళ్ళకి ఇంటి పన్ను మాఫీ చేశాడు.

మా గోదావరి జిల్లాల్లో కాటన్ దొరని ఎందుకు తలుచుకుంటారో నీకు తెలుసు కదా. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, ఆయన విగ్రహానికి ఇప్పటికీ దండలు వేస్తారు. కోఫు వాళ్ళు "షింగెన్ కో" అనడంలో నాకు అదే వినిపించింది. కో అంటే మన "గారు" లాంటిది, ఇంకా పెద్దరికంతో కూడిన మాట. అక్కడ పాతతరం వాళ్ళ ముందు ఉత్తి "షింగెన్" అనకు. షింగెన్ కో అను, లేదా షింగెన్ సాన్ అను. వాళ్ళ ముఖం విప్పారుతుంది, నీకే తెలుస్తుంది.

ఆయన మహాత్ముడేమీ కాదు, ఆ సంగతి కూడా తెలుసుకునే వెళ్ళాలి. కన్న తండ్రి నొబుతోరాను దేశం దాటించి గద్దె ఎక్కాడు. తానే బంధించిన పెద్ద కొడుకు ఆ చెరలోనే చనిపోయాడు. పక్క ప్రాంతం షినానో మీద ఏళ్ళ తరబడి దండెత్తాడు. ఉత్తరాన ఉయెసుగి కెన్షిన్‌తో కవనకజిమ దగ్గర 1553 నుంచి 1564 లోపు ఐదుసార్లు తలపడ్డాడు, అందులో 1561 నాటి యుద్ధంలో రెండు వైపులా చాలామంది పోయారు. 1572లో పడమటికి దండయాత్ర వెళ్ళి, దారిలో జబ్బు చేసి, 1573లో వెనక్కి వస్తూ చనిపోయాడు. ఆ తేదీ పాత పంచాంగం ప్రకారం నాలుగో నెల 12. ఊరేగింపును ఏప్రిల్ 12 దగ్గరి రోజుల్లో పెట్టడం వెనక కారణం ఇదే. నువ్వు నడవబోయేది ఒక మనిషి వర్ధంతికి దగ్గరగా, ఆయన ఊళ్ళో, ఆయన పేరు మీద. ఇది మనసులో ఉంటే చాలు, నీ నడక దానంతట అదే మారుతుంది. నీ రూమ్మేట్ ప్రశ్నకి నా జవాబు కూడా ఇదే.

పండగకి ముందు ఆదివారం ఖాళీ చేసుకుని ఆ గట్టు చూసి రా. తర్వాత ఊరికి ఉత్తరాన ఉన్న టకేదా గుడికి కూడా వెళ్ళు. షింగెన్ కుటుంబం కాపురమున్న కోట ఇల్లు ఉన్న చోటే 1919లో ఆ గుడి కట్టారు, పాత కందకాలు ఇంకా ఉన్నాయి. వీలైతే ఏప్రిల్ 15న మళ్ళీ గట్టు దగ్గరికి వెళ్ళు. ఒమియుకి సాన్ అనే జాతర జరుగుతుంది. మగవాళ్ళు ఆడవాళ్ళ బట్టలు కట్టి, ముఖానికి తెల్ల రంగు వేసుకుని, దేవుడి పల్లకీ మోస్తూ గట్టు మీద అడుగులు గట్టిగా తొక్కుతారు. మట్టి గట్టిపడాలని అలా తొక్కుతారట. ఊరేగింపులో కవచాలు చూసిన కళ్ళతో ఆ అడుగులు కూడా చూడాలి. నా మటుకు నాకు ఈ రెండూ ఒకే పండగ.

ఇక ఆ రోజు ఏం జరుగుతుందో చెబుతాను. ఊరేగింపును కోషు గుందాన్ షుత్సుజిన్ అంటారు, కోషు సేన యుద్ధానికి బయలుదేరడం అని అర్థం. కోషు అంటే ఆ ప్రాంతం పాత పేరు. వెయ్యిమందికి పైగా ఉంటారు. 2012లో 1,061 మంది సమురాయ్ వేషధారులతో గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. అంతా కలిసి ఒకే గుంపుగా నడవరు. షింగెన్ కింద 24 మంది సేనానులు ఉండేవారని అక్కడ చెప్పుకుంటారు. యమగత మసకగే, బాబా నొబుహరు, యమమోతో కన్సుకే, ఇలా ఒక్కొక్కరి పేరు మీద ఒక్కో దళం. నీకు ఏ దళం వచ్చిందో ముందే అడిగి తెలుసుకో, ఆ సేనాని గురించి ఒక పేజీ అయినా చదువు. ఎర్ర కవచాల దళం పడితే అది యమగతది. ఆ ఎరుపు చూస్తే శత్రువులు జంకేవాళ్ళని చెబుతారు. కన్సుకే అయితే వ్యూహకర్త, 1561 యుద్ధంలో చనిపోయాడు. రోడ్డు పక్కన నిలబడ్డ ఓ తాతగారు నీ జెండా చూసి ఆ పేరు పెట్టి కేక వేస్తాడు. ఆ పేరు ఎవరిదో నీకు తెలియకపోతే ఆ కేక వృథా అయిపోతుంది. నాకు మొదటి ఏడాది అలాగే అయింది, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

జెండాల మీద నాలుగు పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. ఫూ, రిన్, క, జన్. గాలి, అడవి, నిప్పు, కొండ. గాలిలా వేగంగా, అడవిలా నిశ్శబ్దంగా, నిప్పులా ఉధృతంగా, కొండలా కదలకుండా అని చైనా యుద్ధశాస్త్రం సున్ త్జు నుంచి తీసుకున్న మాటలు. నాలుగు వజ్రాలు కలిసిన గుర్తు టకేదా వాళ్ళ వంశ చిహ్నం. నీ ఛాతీ మీద బహుశా అదే ఉంటుంది.

దళాలన్నీ స్టేషన్ పక్కనున్న మైజురు కోట పార్కులో చేరతాయి. అక్కడ బయలుదేరే ముందు ఒక తంతు ఉంటుంది, నాకు ఊరేగింపు మొత్తంలో అదే ఇష్టం. సేనాని ముందు మూడు పదార్థాలు పెడతారు. ఎండబెట్టి సాగగొట్టిన నత్తగుల్ల మాంసం, ఎండు చెస్ట్‌నట్ గింజ, సముద్రపు నాచు. మొదటిదాని పేరులో "కొట్టడం" ఉంది, రెండోదాని పేరులో "గెలవడం" వినిపిస్తుంది, మూడోది కొంబు, అది "సంతోషించడం" అనే మాటకి దగ్గరగా ఉంటుంది. కొట్టి, గెలిచి, సంతోషించు అని ఆ మూడింటిని వరసగా తిని సాకే అనే బియ్యం సారా తాగుతారు. కాలిబంట్లకి తినే పని, తాగే పని లేదు, కాబట్టి నువ్వు ఆ విషయంలో నిశ్చింతగా ఉండు. నీ పని అరవడం. పెద్దాయన "ఎయ్, ఎయ్" అంటాడు, వెంటనే వెయ్యి గొంతులు "ఓ!" అని చేతిలో ఉన్న ఆయుధం పైకెత్తుతాయి. సిగ్గుపడి సగం గొంతుతో అనకు. శంఖం ఊదుతారు, డప్పులు మొదలవుతాయి, అప్పటికి పొద్దు వాలుతూ ఉంటుంది. కోట రాళ్ళ మీద ఆ వెలుగు పడినప్పుడు పక్కన నడిచేవాడు ఏ దేశం వాడో గుర్తుండదు.

బట్టల విషయానికి వద్దాం. కాలిబంటుని అషిగరు అంటారు. తలకి గొడుగులాంటి చదునైన టోపీ, దాన్ని జింగాసా అంటారు. సేనానులు పెట్టుకునే కొమ్ముల శిరస్త్రాణం కబుతో వేరు. నిజమైన పాత కవచం 20 కిలోలు దాటొచ్చు, కానీ ఊరేగింపులో కాలిబంట్లకి ఇచ్చేది అంత బరువు ఉండదు. కట్టేది కింద నుంచి పైకి. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, తర్వాత ఛాతీ, ఆఖరున తల. నీ అంతట నువ్వు కట్టుకోలేవు, సాయానికి పెద్దవాళ్ళు ఉంటారు. చేతులు కొంచెం ఎడంగా పెట్టి కదలకుండా నిలబడడమే నువ్వు వాళ్ళకి చేసే సాయం. ఛాతీ కవచం కట్టాక వంగడం కష్టం, కాబట్టి కాళ్ళకి సంబంధించిన ఇబ్బంది ఏదైనా ముందే చెప్పు. బాత్రూమ్‌కి కూడా ముందే వెళ్ళు, ఇది అందరూ మర్చిపోతారు. టోపీ కింద పల్చటి చేతి గుడ్డ కట్టుకుంటే గడ్డం తాడు, టోపీ అంచు గీసుకోవు. లోపల ఒంటికి అంటుకునే వెచ్చటి బనియన్ వేసుకో. పగలు వెచ్చగా ఉంటుందని మోసపోకు, కోఫు చుట్టూ కొండలున్న గిన్నెలాంటి ఊరు, ఏప్రిల్ మొదట్లో చీకటి పడగానే చలి దిగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం చెప్పులు. వరాజీ అంటే గడ్డితో అల్లిన చెప్పులు. వాటిని బొటనవేలు విడిగా ఉండే తబి మేజోళ్ళ మీద కడతారు. వేళ్ళ చివర్లు చెప్పు అంచు దాటి ముందుకి వస్తాయి, అది సైజు తప్పు కాదు, అలాగే ఉండాలి. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య తాడు ఒరుసుకుంటుంది. అక్కడ ముందే ప్లాస్టర్ వేసుకో. తారు రోడ్డు మీద గంటల తరబడి నడిచాక ఆ ఒక్క ప్లాస్టర్ విలువ తెలుస్తుంది.

మొదటి ఏడాది నా ఎడమకాలి తాడు నడిరోడ్డు మీద ఊడిపోయింది. నేను కంగారుపడి ఉన్నచోటే ఆగి వంగబోయాను. భుజం మీదున్న బల్లెం తిరిగి వెనకవాడి టోపీకి తగిలింది, వరస చెదిరింది, వెనక దళం ఆగాల్సి వచ్చింది. మా వరసలోనే చివర నడుస్తున్న డెబ్బై ఏళ్ళ పెద్దాయన వచ్చి, నా బల్లెం పక్కవాడికి ఇప్పించి, నన్ను రోడ్డు అంచుకి తెచ్చి, కవచంతోనే మోకాళ్ళ మీద కూర్చుని తాడు కట్టాడు. మడమ వెనక నుంచి తిప్పి చీలమండ ముందుకి తెచ్చి ఎలా బిగించాలో రెండో కాలి మీద కూడా చూపించాడు. అంత పెద్దాయన నా కాళ్ళ దగ్గర కూర్చుంటే మన పెంపకానికి ప్రాణం చచ్చిపోయినట్టు అవుతుంది కదా, వద్దు వద్దు అని తడబడ్డాను. ఆయన మాత్రం ముడి మీదే దృష్టి పెట్టాడు. కాబట్టి తాడు ఊడితే ఉన్నచోట ఆగకు. బల్లెం నిలువుగా పట్టుకుని పక్కకి వచ్చి, తర్వాత వంగు. ముందు రోజే ఎవరినైనా అడిగి ఆ ముడి నేర్చుకుంటే ఇంకా మంచిది.

బల్లెం, కత్తి విషయంలో ఒక హెచ్చరిక. నీకు ఇచ్చేవి నకిలీవే, అయినా జనంలో తిప్పకూడదు, ఫోటో కోసం దూయకూడదు. సొంతంగా కొన్న కత్తి ఏదీ తీసుకెళ్ళకు. జపాన్‌లో ఆయుధాల చట్టం చాలా కఠినం.

నీ రూమ్మేట్ మాటలో నిజం అసలు లేదని కూడా అనను. ఒకసారి వేరే ఊరి ఊరేగింపుకి వెళ్ళాను, పేరు చెప్పను. అక్కడ విదేశీయులందరినీ ఒకే గుంపుగా కెమెరాల ముందు నిలబెట్టారు. మేము ఎవరి దళమో, జెండా మీద ఏముందో ఒక్కరూ చెప్పలేదు. చేతులు ఊపమన్నారు, ఊపాం, బట్టలు విప్పించి పంపేశారు. మా కష్టం, వాళ్ళ సంప్రదాయం రెండూ వృథా అయ్యాయి. అందుకే పేరు ఇచ్చే ముందు మూడు సంగతులు అడుగు. ఏ సేనాని దళం? ఊరివాళ్ళతో కలిపి నడిపిస్తారా, విదేశీయుల్ని విడిగా పెడతారా? ముందుగా ఒక రోజైనా కూర్చోబెట్టి చెబుతారా? జవాబు సరిగ్గా వస్తే కళ్ళు మూసుకుని చేరు. విడిగా నడిపిస్తాం అంటే, మాకు ఊరివాళ్ళ దళంలో చోటు ఇవ్వండి అని మర్యాదగా అడుగు. అడిగితే తప్పుపట్టరు, పైగా ఇష్టపడతారు.

అవమానం అవుతుందేమో అన్న నీ భయానికి వస్తే, కోఫులో కవచం కట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది సమురాయ్ వంశాల వాళ్ళు కాదు. బ్యాంకు ఉద్యోగులు, మునిసిపాలిటీ సిబ్బంది, కాలేజీ పిల్లలు. షింగెన్ వేషం కూడా ఏటా ఒక నటుడితో వేయిస్తారు. అంటే ఆ ఊరు తన సైన్యాన్ని ప్రతి ఏడాదీ కొత్తగా పోగుచేసుకుంటుంది, అందులో నీకూ చోటు ఉంది. అన్ని చోట్లా ఇలా ఉండదు. ఫుకుషిమాలోని సోమా నోమఓయిలో గుర్రాల మీద వచ్చేవాళ్ళు తరతరాలుగా ఆ ప్రాంతం వాళ్ళు. వెయ్యేళ్ళకు పైబడిన ఆచారం అది, మనం ఒడ్డున నిలబడి చూడాల్సిందే. ఎండలు భరించలేక 2024 నుంచి దాన్ని జులై నుంచి మేకి మార్చారు. కెన్షిన్ వైపు కథ చూడాలనుంటే మే 3న యొనెజావా వెళ్ళు, నది ఒడ్డున కవనకజిమ యుద్ధాన్ని ఆడి చూపిస్తారు. కోఫులో మన సేనలో నడిచి, అక్కడ శత్రువు వంశం ఊళ్ళో కెన్షిన్‌ని ఎలా తలుచుకుంటారో చూడడం మంచి అనుభవం.

చిన్నవి కొన్ని. కళ్ళద్దాలు పెట్టుకోవచ్చు, కాకపోతే టోపీ తాడు వాటి మీదుగా పోకుండా చూసుకో. వాచీ, ఉంగరాలు తీసేయి. ఫోను లోపల పెట్టేసి ఊరేగింపు అయ్యేదాకా మర్చిపో. జపనీస్ నీకు వచ్చినంత చాలు. "సెయిరెత్సు" అంటే వరసలో నిలబడమని, "మాయె" అంటే ముందుకి, "తొమరె" అంటే ఆగమని. అయ్యాక ఎదురుపడిన ప్రతి ఒక్కరికీ "ఒత్సుకరెసామా దెషిత" అను, బాగా కష్టపడ్డారు అని. పార్ట్‌టైమ్ ఉంటే ఆ శనివారం షిఫ్ట్ గురించి నెల ముందే చెప్పు. ఊరేగింపుకి డబ్బులిస్తామని ఎవరైనా అంటే, వీసా మీద వారానికి 28 గంటల పని లెక్కలోకి వస్తుందా అని యూనివర్సిటీ అంతర్జాతీయ విభాగంలో ముందు అడుగు. ఉత్త భోజనం పెడితే ఆ గొడవ లేదు.

భోజనం అంటే గుర్తొచ్చింది. ఇచ్చే బెంతో డబ్బాలో చేప ఉండే అవకాశం ఎక్కువ. పుల్లటి ఉమె కాయ పెట్టిన అన్నం ముద్దలు రెండు కొని దగ్గర పెట్టుకో, మన ఊరగాయ అన్నం తిన్నట్టే ఉంటుంది. కోఫు వంటకం హోతో, గుమ్మడికాయ ముక్కలతో మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద కలిపిన పులుసులో వండే వెడల్పు నూడుల్స్, షింగెన్ సైనికులు తినేవాళ్ళని చెబుతారు. చూడడానికి శాకాహారంలా ఉన్నా పులుసు సాధారణంగా ఎండు చేపలతో కాస్తారు, అడిగి తిను. షింగెన్ మోచి మాత్రం నిశ్చింతగా తినొచ్చు. మెత్తటి బియ్యప్పిండి ముద్ద, పైన వేయించిన సోయా పిండి, నల్ల బెల్లం పాకం. మా ఇంట్లో అందరికీ నచ్చింది.

మెయిల్‌కి జవాబు రాసేటప్పుడు నీ ఎత్తు, ఛాతీ కొలత, పాదం పొడవు సెంటీమీటర్లలో రాయి. మన బూటు నంబర్లు వాళ్ళకి పనికిరావు. నా పాదం 28 సెంటీమీటర్లు, రాయకుండా వదిలేశాను, 26 వచ్చింది.